సూర్యలంక సూత్రాలు: ‘భారవాహిని’ అను వ్యాఖ్యతో

అవతారిక

మూలగ్రంథం కరెంటు బిల్లు వెనక ఉంది. తొమ్మిది పంక్తులు, నీలం బాల్‌పెన్ను. ఎడమవైపు పైమూల పసుపు మరక ఉన్నందువల్ల, రచన పులిహోర కలుపుతున్న వేళ జరిగిందని కాలనిర్ణయం చేయవచ్చు. అయిదో సూత్రం ఇందుకు అంతర్గత సాక్ష్యం. కర్త్రి పేరు గ్రంథంలో ఎక్కడా లేదు. చేతిరాతను బట్టీ, ఫ్రిజ్ తలుపుకు నా కంటికి సమానమైన ఎత్తులో అంటించిన తీరును బట్టీ మా ఆవిడేనని సంప్రదాయజ్ఞులు, అనగా నేనూ మా పిల్లలిద్దరూ, ఏకగ్రీవంగా చెబుతాం.

మెతుకుసీమ నుంచి వచ్చిన కోలాచలం మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ మహాకావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు సంస్కృతం చెప్పుకుని బతికేవాణ్ణి. అంత మాట ఇవ్వలేను. అయితే ఒక్క విషయంలో ఆయనకంటె నాదే పైచేయి. మేఘసందేశానికి వ్యాఖ్య రాయడానికి ఆయన అలకాపురి దాకా సామాన్లు మొయ్యలేదు. నేను మోశాను. అందుకే ఈ వ్యాఖ్యకు ‘భారవాహిని’ అని పేరు.

ఏ శాస్త్రానికైనా మొదట నాలుగు చెప్పాలి. విషయం: మాఘ పౌర్ణమి స్నానాల జనం వెళ్లిపోయిన మర్నాడు, బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరాన సూర్యలంక తీరంలో, ఒక సరుగుడు తోట యజమానిని అడిగి, గుడారం వేసుకుని ఒక రాత్రి ఉండటం. ప్రయోజనం: పిల్లలు సముద్రం చూడటం, పెద్దలు ఫోను చూడకపోవడం. సంబంధం: ఏడేళ్ల పెద్దాడు, మూడున్నరేళ్ల చిన్నది, మేమిద్దరం. అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హత గలవాడు: డిక్కీ తాళం ఎవరి చేతిలో ఉంటే వాడు.

సూత్రం 1. గుడారం పగలే వేయాలి.

ప్రతిపదార్థం: గుడారం = నలుగురు పడతారని చెప్పి అద్దెకిచ్చిన, ఇద్దరూ ఒక చాపా పట్టే గుడ్డ ఇల్లు. పగలే = వెలుతురు ఉండగానే; ఇక్కడి ఏకారం అవధారణార్థకం, చీకటిని తోసిపుచ్చుతుంది. వేయాలి = వేసేవాడెవడో సూత్రంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. చేసుకున్నాను.

వ్యాఖ్య: ఇది నియమ విధి. వడ్ల పొట్టు గోళ్లతో ఒలిచినా పోతుంది, కాని దంచే తీయాలన్నది యజ్ఞంలో నియమం. అలాగే గుడారం పగలూ వేయవచ్చు, రాత్రీ వేయవచ్చు. పగలే వేయమని సూత్రం. కారణం చెప్పలేదు. కారణం చెప్పకపోతే నాబోటివాళ్లు ఆ మాటను సలహాగా తీసుకుంటారు.

గుంటూరులో భోజనాలయ్యాక బయల్దేరి చేబ్రోలు దాటాం. పొన్నూరులో ఆంజనేయస్వామిని చూడాలని పెద్దాడు పట్టుబట్టాడు. బాపట్లలో భావనారాయణస్వామి దగ్గర ఆగుదామన్నది నేనే. ఊరికి పేరిచ్చిన దేవుణ్ణి చూడకుండా ఊరు దాటడం మర్యాద కాదని వాదించి గెలిచాను. గెలిచి తీరం చేరేసరికి సూర్యుడు మా వెనక సరుగుడు చెట్లలోకి దిగిపోతున్నాడు. మన తీరం తూర్పుముఖం. ఇక్కడ సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు కాని నీళ్లలో మునగడు. సినిమాలు చూసి పెరిగిన పెద్దాడికి ఇది మొదటి ఆశాభంగం.

తోటకు దిగువన, నీళ్లకు దగ్గరగా, గచ్చు చేసినట్టు గట్టిగా, చదునుగా ఉన్న చోటు నాకు తెగ నచ్చింది. అక్కడే గుడారం విప్పాను. దూరాన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తల ఎత్తకుండానే అన్నాడు: “పోటొచ్చిద్ది బాబూ. ఆ నాచు గీత కనపళ్లా?” వెలుతురుంటే కనపడేది. ఎండిన నాచు, చిప్పలు, సరుగుడు పుల్లలు కలిసి ఇసుక మీద పొడుగ్గా ఒక గీత. నిన్న పోటు ఎక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగిందో సముద్రమే సంతకం పెట్టి వెళ్లిన చోటు. నేను దానికి ఇరవై అడుగులు కిందికి ఉన్నాను.

విశేషం: అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రులు భూమితో ఒకే వరసలోకి వచ్చి కలిసి లాగుతారు. ఆ లాగుడు ఫలితం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా ముదురుతుంది. మేము సరిగ్గా ఆ రోజునే వచ్చాం. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఆ రోజుల్లో విశాఖ దగ్గర పోటుకూ పాటుకూ తేడా మీటరున్నర దరిదాపు. గోడ మీద గీసి చూస్తే మీటరున్నర ఎంతో కాదు. వాలు తక్కువైన ఇసుక మీద అదే మీటరున్నర చాలా దూరం నడిచి వస్తుంది, పిలవకుండా గుడారంలోకి కూడా వస్తుంది.

సూత్రకర్త్రి అక్కడే ఉంది. ఏమీ అనలేదు. తమ సూత్రాలను తామే వివరించే అలవాటు సూత్రకారులకు లేదు.

సూత్రం 2. బియ్యం సంచులు 4 (ఖాళీవి).

శంక: బియ్యం లేని బియ్యం సంచి ఎందుకు? శాస్త్రంలో ఒక్క అక్షరమైనా వృథా ఉండకూడదు కదా?

సమాధానం: ఈ సూత్రం మీద మూడు మతాలున్నాయి. చెత్త వేసుకోవడానికని ప్రాచీనులు. కింద పరుచుకుని కూర్చోవడానికని మధ్యకాలికులు. అసలర్థం కనిపెట్టినవారు నవ్యులు. ప్రాచీనుడంటే బయల్దేరేటప్పటి నేను. మధ్యకాలికుడు సాయంత్రం ఆరుగంటల నేను. నవ్యుడు అర్ధరాత్రి పన్నెండున్నర నేను.

గుడారంతో పాటు ఇచ్చిన మేకులు జానెడు. ఎండిన ఇసుకలో రేణువుకూ రేణువుకూ చుట్టరికం లేదు. తడి ఇసుకలో నీటిపొర రేణువులను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచుతుంది. అందుకే పిల్లల ఇసుక గుడి నిలుస్తుంది, నాన్న కొట్టిన మేకు నిలవదు. “తడి ఇసుకలో కొట్టు నాన్నా” అన్నాడు పెద్దాడు. సూత్రం బాగానే ఉంది. కాని తడి ఇసుక ఉన్నది నాచు గీతకు దిగువన. అక్కడ మేకు నిలుస్తుంది, మనం నిలవం.

పగలు నేల తొందరగా వేడెక్కుతుంది, గాలి సముద్రం మీంచి నేల మీదికి వస్తుంది. రాత్రి నేలే తొందరగా చల్లబడుతుంది, గాలి నేల మీంచి సముద్రం వైపు మళ్లుతుంది. ఈ పాఠం పిల్లలకు దారిలో నేనే చెప్పాను. చెప్పినవాడు సాయంత్రపు గాలిని చూసుకుని సముద్రం వైపు తాళ్లు మాత్రం గట్టిగా బిగించి పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక గాలి వెనక నుంచి మొదలైంది. పెద్ద గాలేం కాదు, మా మేకులకు అది చాలు. గుడారం వెనక అంచు లేచి, మొత్తంగా సముద్రానికి వంగి నమస్కారం పెట్టింది.

అప్పుడు సూత్రకర్త్రి లేచి సంచులు తీసింది. వెన్నెల్లో పిల్లల బొమ్మ బకెట్టుతో నాలుగు సంచుల నిండా ఇసుక పోశాం. మూతులు కట్టి, తాళ్లు వాటికి ముడేసి, మోకాలి లోతు గుంటల్లో పాతాం. ఒక్కో సంచి మణుగు పైనే ఉంటుంది. ఆ తర్వాత గుడారం కదల్లేదు. ఖాళీగా తెమ్మనడంలోని స్వారస్యం ఇప్పుడు తెలుస్తుంది. బరువు అక్కడే దొరికేటప్పుడు ఇంటి నుంచి మోసుకుపోవడం ఎందుకు? ఈ గ్రంథం మొత్తంలో భారవాహకుడి మీద దయ చూపించిన సూత్రం ఇదొక్కటే.

సూత్రం 3. నీళ్ల క్యాన్లు 2.

వ్యాఖ్య: సంఖ్య స్పష్టంగా ఉండగా ఒక్కటే తీసుకెళ్లాను. ఎదురుగా సముద్రం ఉండగా నలభై లీటర్లు ఎందుకని నా యుక్తి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ వచ్చి కలుస్తాయి గనుక బంగాళాఖాతం పైనీళ్లు కొంత పలచన. అయినా ఆ ఉప్పును బయటికి పంపడానికి మన మూత్రపిండాలు తాగిన నీటికంటె ఎక్కువ నీళ్లే ఖర్చు పెట్టాలి. తాగినకొద్దీ దాహం పెరిగేది అందుకే. మా చిన్నది ఇదంతా ఒక్క గుక్కలో తేల్చి ఉమ్మేసింది: “నాన్నా, ఎవరో ఉప్పెక్కువేశారు.”

మొదటి క్యాను తాగడానికి, రెండోది పిల్లల ఒళ్లు కడగడానికి. రెండోది లేదు కాబట్టి తోటలో ఉన్న బోరింగు దగ్గరికీ గుడారానికీ మధ్య బకెట్టుతో పదకొండుసార్లు తిరిగాను. వ్యాఖ్య పేరు మరోసారి సార్థకమైంది.

సూత్రం 4. చిన్నదాని నిక్కర్లు.

వ్యాఖ్య: ఈ గ్రంథంలో అత్యంత వివాదాస్పదమైన సూత్రం ఇది. సంచులకు అంకె ఉంది, క్యాన్లకు అంకె ఉంది, నిక్కర్లకు లేదు. బహువచనం మాత్రం ఉంది. ఎన్ని?

పూర్వపక్షం: ఇలాంటి చోట ఏం చేయాలో మీమాంసకులు ఎప్పుడో తేల్చారు. వసంతానికి కపింజలాలనే పక్షులను ఆలభించాలని, అంటే బలి ఇవ్వాలని, ఒక వేదవాక్యం. ఎన్నో చెప్పలేదు. జైమిని మతంలో తీర్పు ఏమంటే, బహువచనం మూడుతోనే తీరిపోతుంది, కాబట్టి మూడే. నాలుగోదానికి ప్రమాణం లేదు. దీనికే కపింజల న్యాయమని పేరు. ఏటా మార్కుల కోసం పిల్లలకు చెప్పే న్యాయం జీవితంలో ఒకసారైనా వాడుకునే అవకాశం వచ్చిందన్న ఉత్సాహంతో మూడు నిక్కర్లు లెక్కపెట్టి సంచిలో పెట్టాను.

మొదటిది సముద్రాన్ని చూసిన మూడో నిమిషంలో అలకు ఆహుతి. రెండోది పీత ఇంటి ముందు కూర్చుని, అది బయటికి వస్తుందని ఎదురుచూస్తుండగా తడి ఇసుకకు. ఎర్ర పీత కన్నంలోంచి కళ్లు మాత్రం బయటపెట్టి చూస్తుంది, మనిషి కదిలితే లోపలికి జారుకుంటుంది. “దానికి దాగుడుమూతలొచ్చు” అని చిన్నది గంటసేపు అక్కడే ఆసీనురాలైంది. మూడోది ఎలా పోయిందో రాయడం మర్యాద కాదు. ఏడుగంటలకల్లా మూడూ రెండు సరుగుడు చెట్ల మధ్య తాడు మీద ఊగుతున్నాయి. ఉప్పునీటిలో తడిసిన బట్ట ఆరినట్టే ఉంటుంది కాని ఆరదు. బట్టలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటుంది. చివరికి అమ్మ చున్నీని చిన్నదానికి పంచెలా కట్టాం. అది పంచె ఎగ్గట్టుకుని ఊరిపెద్దలా తీరమంతా తనిఖీ చేసింది.

సిద్ధాంతం: కపింజల న్యాయం ఇక్కడ చెల్లదు. అక్కడ మూడు దగ్గర ఆగడానికి హేతువుంది. ఆపైన చంపే ప్రతి పక్షీ విధి లేని హింస. నాలుగో నిక్కరు పెట్టుకోవడంలో హింస లేదు, పెట్టుకోకపోవడంలోనే ఉంది. కాబట్టి ఇక్కడ బహువచనానికి ఇంట్లో ఉన్నవన్నీ అని అర్థం. అంకె వేయకపోవడం మరుపు కాదు. ఏ అంకె వేసినా తక్కువే అవుతుందని కర్త్రికి తెలుసు.

సూత్రం 5. పులిహోర.

వ్యాఖ్య: స్పష్టం.

విశేషం: వ్యాఖ్యాతలు స్పష్టమని రాసేది రెండు సందర్భాల్లో. అర్థం కానప్పుడు, నోరు ఖాళీ లేనప్పుడు. ఇది రెండోది. చింతపండు పులుపు వల్ల మర్నాటి ఉదయానికీ పాడవలేదన్నది మాత్రం రాయదగ్గ మాట. ఇసుక పడిన భాగాన్ని పెద్దాడు జీడిపప్పు అనుకుని నమిలాడన్నది రాయదగ్గ మాట కాదు.

సూత్రం 6. టార్చికి ఎర్ర కాగితం.

శంక: ఇది పిల్లల అలంకారం కోసమా?

సమాధానం: కాదు. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వస్తాయి. ఆడ తాబేలు రాత్రిపూట ఈదుకుంటూ వచ్చి, నాచు గీత దాటి, పొడి ఇసుకలో గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి, మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోతుంది. ఒడ్డున తెల్లని వెలుగు కనిపిస్తే బెదిరి తిరిగిపోవచ్చు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. వాటికి దారి చూపడానికి తల్లి ఉండదు. ఎటు వెలుతురుగా ఉంటే అటే సముద్రమన్నది వాటి శాస్త్రం. మనుషులు దీపాలు పెట్టనంతకాలం ఆ శాస్త్రం తప్పలేదు. చీకట్లో ఆకాశపు వెలుతురు పడి మెరిసేది నీళ్లే కదా! ఇప్పుడు ఒడ్డున బల్బు వెలిగితే ఆ పిల్లలు బల్బు వైపు నడుస్తాయి. ఎర్రని వెలుగు తాబేలు కంటికి అంతగా ఆనదు. అందుకే టార్చికి ఎర్ర కాగితం. ఆలివ్ రిడ్లే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉందని కూడా గుర్తుంచుకోవాలి. అంటే ఈ సూత్రానికి శ్రుతితో పాటు శిక్షాస్మృతి బలం కూడా ఉంది.

మేము తాబేలును చూడలేదు. తెల్లవారుజామున ఇసుక మీద నీళ్లలోంచి పైకి వచ్చి, మళ్లీ నీళ్లలోకి దిగిన ఒక జాడ మాత్రం చూశాం. రాత్రి ఇక్కడికి ట్రాక్టరు వచ్చిందని పెద్దాడు తీర్మానించాడు. సముద్రంలోంచి ట్రాక్టరు ఎలా వస్తుందని చిన్నది అడిగింది. తర్కశాస్త్రంలో దీన్ని బాధ అంటారు. వేరే ప్రమాణం వచ్చి అనుమానాన్ని పడగొట్టడం. ఆ జాడ పై చివర అప్పటికే ఎవరో కర్రలు పాతి గుర్తు పెట్టి ఉన్నారు. మాకంటె ముందు లేచినవాళ్లు.

సూత్రం 7. సముద్రం మోకాలి దాకానే.

ప్రతిపదార్థం: సముద్రం = స్పష్టం. మోకాలి దాకానే = ఇక్కడే చిక్కంతా. ఎవరి మోకాలు?

పూర్వపక్షం ఒకటి, నాది: సముద్రానికి తీసుకెళ్లేది తండ్రి, ఇక్కడ ప్రధానుడు అతడే, కాబట్టి అతడి మోకాలు. పూర్వపక్షం రెండు, పెద్దాడిది: నాన్న మోకాలు మరీ ఎత్తు, చెల్లి మోకాలు మరీ కింద, నేను మధ్యవాణ్ణి, కాబట్టి నాది. చిన్నది వాదంలోకి దిగలేదు. పంచె పైకెత్తి తన మోకాలు చూపించి, “ఇదీ” అంది.

సిద్ధాంతం: అదే. చాలామందికి కలిపి ఒకే హద్దు పెట్టినప్పుడు ఆ హద్దు అందరికంటె చిన్నవాళ్ల కొలతతోనే ఉండాలి. నా మోకాలి లోతు చిన్నదానికి నడుము లోతు. అల వస్తే గొంతు లోతు.

ఇక్కడ కాసేపు హాస్యం ఆపుతాను. అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోవాలి. అవి కొన్నిచోట్ల ఒక సన్నని కాలువలా చేరి ఒక్కసారిగా లోపలికి లాగుతాయి. దగా ఎక్కడుందంటే, ఆ లాగే చోట అలలు తక్కువ విరుగుతాయి. అందువల్ల ఒడ్డు నుంచి చూసేవాడికి అదే నెమ్మదిగా, పిల్లలకు అనువుగా కనిపిస్తుంది. అందులో చిక్కుకున్నవాడు ఒడ్డువైపు ఈదితే అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు దాటాక ఒడ్డుకు రావాలి. ఈత రానివాడికి, మూడున్నరేళ్ల పిల్లకు ఈ పాఠం పనికిరాదు. వాళ్లకున్నది మోకాలి సూత్రం ఒక్కటే. రద్దీ రోజుల్లో ఈ తీరాన గజ ఈతగాళ్లను కాపలా పెడతారంటే ఊరికే పెట్టరు. మిగతా సూత్రాల మీద నేనెంత వ్యాఖ్యానం చేసినా, దీన్ని మాత్రం ఉన్నదున్నట్టు పాటించాను. పిల్లల చేతులు రెండూ నా చేతుల్లోనే ఉన్నాయి.

మోకాలి లోతులో సుఖానికేం కొరత లేదు. వెనక్కి పోయే అల అరికాళ్ల కింద ఇసుకను లాగేస్తుంటే మడమలు కొద్దికొద్దిగా దిగబడతాయి. “నేల పారిపోతోంది” అని చిన్నది కేకలు పెట్టింది. పారిపోతున్న నేల మీద నిలబడటం కోసం ముప్పయ్యిసార్లు మళ్లీ మళ్లీ నిలబడింది.

సూత్రం 8. రాత్రికి ఒక కథ.

వ్యాఖ్య: ఇక్కడ అంకె అక్షరాల్లో ఉంది: ఒక. కాబట్టి ఒక్కటి చెప్పి పడుకోవచ్చని నా అభిప్రాయం. తోటలో చీకటి పడ్డాక చిన్నది గుడారం పైకప్పు చూసి, ఫ్యాను ఏదని అడిగి, లేదని తెలిసి, “ఇంటికి పోదాం” అని రాగం అందుకుంది. కథ మొదలుపెట్టక తప్పలేదు. సముద్రం పక్కన ఉన్నాం గదా అని అగస్త్యుడు సముద్రాన్ని తాగేసిన కథ ఎత్తుకున్నాను.

“ఉప్పగా ఉంటుందిగా, ఎలా తాగాడు?” అన్నాడు పెద్దాడు. రుషుల నాలుక వేరన్నాను. “అన్ని నీళ్లు తాగితే తర్వాత పాస్ పోసుకోవాలిగా?” అంది చిన్నది. పోసుకున్నాడనే చెప్పే జానపద కథ ఒకటి ఉంది కాబట్టి ఒప్పుకున్నాను. అది చాలాసేపు ఆలోచించి, “మరి ఆయనకు ఎన్ని నిక్కర్లు తెచ్చారు?” అంది. కపింజల న్యాయానికి ఇంతటి ఖండన ఏ భాష్యంలోనూ లేదు. పక్కన చీకట్లో సూత్రకర్త్రి నవ్వు వినిపించింది.

శంక: కథ ముగిశాక పిల్లలు ఇంకొకటి అడిగారు. సూత్రంలో ‘ఒక’ అని ఉండగా ఇది చెల్లుతుందా?

సమాధానం: చెల్లుతుంది. సోమయాగంలో గిన్నెను తుడవాలని ఏకవచనంలో విధి. అయినా ఒక్క గిన్నె తుడిచి ఊరుకోరు, అన్నిటినీ తుడుస్తారు. అక్కడి ఏకవచనం వివక్షితం కాదని మీమాంసకుల నిర్ణయం. ఇది గ్రహైకత్వ న్యాయం. పిల్లలకు దాని పేరు తెలియకపోయినా ప్రయోగం తెలుసు. నాలుగు కథలయ్యాయి. అయిదోది చెబుతుండగా నిద్రపోయినవాణ్ణి నేను. మర్నాడు ఎండెక్కాక సామాన్లు సర్దుతుంటే, ఇంటికి పోదామని రాత్రి ఏడ్చిన పిల్ల గుడారం గుంజ పట్టుకుని, “ఇదే మనిల్లు” అని రెండో రాగం ఎత్తుకుంది.

సూత్రం 9. ఇసుక ఇంటికి తేవద్దు.

వ్యాఖ్య: ఇది నిషేధం. జరగడానికి అవకాశమున్నదాన్నే నిషేధిస్తారు. ఆకాశంలో అగ్నిని పేర్చవద్దని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇసుక ఇంటికి వస్తుందని తెలిసే కర్త్రి తేవద్దంది. వచ్చింది. చెప్పుల్లో వచ్చింది, పెద్దాడి చెవిలో వచ్చింది, నిక్కర్లు మూడింటి అంచు మడతల్లో వచ్చింది. తడి సాక్సులో దాచిన ఒక చిప్ప లోపల మరికాస్త వచ్చింది. వారం తర్వాత పరీక్ష పేపర్లు దిద్దుతుంటే నా బ్యాగులోంచి నాలుగు రేణువులు ఓ పిల్లవాడి జవాబు మీద పడ్డాయి. ప్రశ్న కపింజల న్యాయం మీద. వాడు ‘మూడు’ అని రాశాడు. పూర్తి మార్కులు వేశాను గాని పెన్ను కాసేపు ఆగింది.

ఉపసంహారం

ప్రమాణాలు ఆరని కుమారిలభట్టు అనుయాయులు. ఆరోదాని పేరు అనుపలబ్ధి. ఉండవలసిన చోట ఒక వస్తువు కనబడకపోవడం కూడా ఒక జ్ఞానమే. నేల మీద చూసి కుండ లేదని తెలుసుకోవడం లాంటిది. తొమ్మిది సూత్రాలకూ వ్యాఖ్య పూర్తయిందని కరెంటు బిల్లును మడత పెట్టబోతూ మళ్లీ ఒకసారి మొదటి నుంచి చదివాను. సంచులు గుడారానికి. క్యాను పిల్లల ఒంటికి. నిక్కర్లు చిన్నదానికి. ఎర్ర కాగితం తాబేలుకు. కథ పిల్లలకు, నిద్ర రూపంలో నాకు. సముద్రంలోంచి వచ్చే తాబేలుకు కూడా ఒక పంక్తి ఉన్న గ్రంథంలో, రాసినావిడకు ఒక్క పంక్తి లేదు. ఆమె ఒంటి మీది చున్నీ ఆ రాత్రంతా చిన్నదాని నడుముకుంది. సముద్రాన్ని ఆమె చూసిందా అని ఆలోచిస్తే, నాకు గుర్తొచ్చినంతవరకూ సముద్రం వైపు నడుస్తున్న మమ్మల్నే చూసింది.

మూలంలో వ్యాఖ్యాత చెయ్యి పెట్టడం మహాపాపం. దాన్ని ప్రక్షిప్తం అంటారు. అయినా వచ్చే పౌర్ణమికి మళ్లీ వెళదామని పిల్లలు తీర్మానించారు కాబట్టి, ఈసారి కరెంటు బిల్లు వెనక తొమ్మిది సూత్రాలూ నేనే తిరగరాశాను. నాలుగోదాంట్లో ‘ఉన్నవన్నీ’ అని చేర్చాను. అడుగున పదోది ఒకటి కలిపాను: “నీకు ఒక గంట, సముద్రం దగ్గర, ఒక్కదానివే.” ఫ్రిజ్ తలుపుకు ఆవిడ కంటికి సమానమైన ఎత్తులో అంటించాను.

ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున చూస్తే పదో సూత్రంలో ఒక పాఠాంతరం కనిపించింది. ‘ఒక’ అన్న మాట కొట్టేసి ఉంది. పైన కొత్త సంఖ్య ఉంది, నాబోటివాళ్లు న్యాయాలు తీయకుండా అక్షరాల్లో కాక అంకెలో: 2.

వ్యాఖ్య: స్పష్టం.